మీ కుక్కకు రక్తం సరిగ్గా గడ్డకడుతుందా? పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బులను ముందే కనిపెట్టడం ఎలా

మీ డోబర్మన్‌కో జర్మన్ షెపర్డ్‌కో గర్భసంచి తీసే ఆపరేషన్‌కి డేట్ తీసుకున్నారా? క్రాసింగ్‌కి ఎవరికైనా మాటిచ్చారా? ఆ రెండిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ కుక్క రక్తం సరిగ్గా గడ్డకడుతుందో లేదో తెలుసుకోవడం.

పుట్టుకతో రక్తస్రావ జబ్బు ఉన్న కుక్క పైకి ఏ లోటూ లేనట్టే ఉంటుంది. బాగా తింటుంది, పరుగెడుతుంది, ఒళ్లు నిగనిగలాడుతూ ఉంటుంది. చాలా కుక్కల్లో కత్తి పడిన రోజే సంగతి బయటపడుతుంది. అప్పటికి పొట్ట తెరిచి ఉంటుంది, లోపల రక్తం ఊరుతూ ఉంటుంది, రక్తమిచ్చే కుక్క కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలవుతాయి. ముందే పరీక్ష చేయించి ఉంటే తప్పిపోయే కష్టం ఇది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లోపల జరిగేది ఏమిటి

రక్తనాళం తెగినప్పుడు రెండు పనులు వెంటవెంటనే జరగాలి. ముందు ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన చోట అతుక్కోవాలి. తర్వాత రక్తంలోని గడ్డకట్టించే ఫ్యాక్టర్లు వాటి మీద గట్టి వల అల్లాలి. ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి ఇటుకల మధ్య సిమెంటులా పనిచేసే ప్రోటీన్ ఒకటుంది. దాని పేరు వాన్ విలీబ్రాండ్ ఫ్యాక్టర్. ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విలీబ్రాండ్ 1926లో ఆలండ్ దీవుల్లోని ఒక కుటుంబంలో ఈ ప్రోటీన్ లోపం వల్ల వచ్చే జబ్బును గుర్తించి రాశారు కాబట్టి ఆ పేరొచ్చింది. కుక్కల్లో వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండో పని చెడితే వచ్చేది హీమోఫిలియా. ఫ్యాక్టర్ 8 తక్కువైతే హీమోఫిలియా ఏ, ఫ్యాక్టర్ 9 తక్కువైతే హీమోఫిలియా బి. మనుషుల్లో వచ్చేవీ ఇవే. 1947లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో, నార్త్ కరోలినా యూనివర్సిటీలో, కెన్నెత్ బ్రింక్‌హౌస్ హీమోఫిలియా ఉన్న ఐరిష్ సెట్టర్ కుక్కల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఈరోజు హీమోఫిలియా ఉన్న మనుషులకు జీన్ థెరపీ అందుతోందంటే దాని వెనక ఇలాంటి కుక్కల మీద జరిగిన దశాబ్దాల పని ఉంది. వాటికి మనం చాలా రుణపడి ఉన్నాం.

మొదట మీ కుక్క జాతిని చూడండి

డోబర్మన్ ఉంటే పరీక్ష చేయించాలా వద్దా అని ఆలోచించకండి, చేయించండి. వాన్ విలీబ్రాండ్ జబ్బులో మొదటి రకం ఈ జాతిలో చాలా విస్తారంగా ఉంది. ఇందులో ఫ్యాక్టర్ పూర్తిగా లేకుండా పోదు, బాగా తక్కువగా ఉంటుంది. దోషమున్న జీన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన డోబర్మన్‌లో సాధారణంగా ఉండాల్సిన దానిలో 5 నుంచి 10 శాతం దాకా తయారవుతూ ఉంటుంది. అందుకే కొన్ని డోబర్మన్లు జీవితమంతా ఏ ఇబ్బందీ లేకుండా గడిపేస్తాయి, కొన్ని ఒక్క ఆపరేషన్‌తో ప్రాణాల మీదికి తెచ్చుకుంటాయి. మీది ఏ కోవకు చెందిందో పైకి చూసి చెప్పలేం.

పెంబ్రోక్ కోర్గీ, స్టాండర్డ్ పూడిల్, బెర్నీస్ మౌంటెన్ డాగ్, పాపియాన్ జాతుల్లోనూ ఈ మొదటి రకమే కనిపిస్తుంది. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్లలో రెండో రకం వస్తుంది. స్కాటిష్ టెరియర్, షెట్లాండ్ షీప్‌డాగ్‌లలో మూడో రకం. అందులో ఫ్యాక్టర్ అసలే ఉండదు కాబట్టి అన్నిటికన్నా ప్రమాదం అదే.

జర్మన్ షెపర్డ్ మగకుక్క అయితే హీమోఫిలియా ఏ గురించి ఆలోచించాలి. బీగిల్ అయితే ఫ్యాక్టర్ 7 లోపం రావచ్చు. ఇది చాలావరకు ఇబ్బంది పెట్టదు, రక్తపరీక్షలో అనుకోకుండా దొరుకుతుంది.

రక్తం కారకుండానే ఎర్రకణాలు పగిలిపోయే జబ్బులు వేరే ఉన్నాయి. ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్, అమెరికన్ కాకర్ స్పానియల్‌లలో పీఎఫ్‌కే అనే ఎంజైమ్ లోపం వస్తుంది. బాగా పరుగెత్తాకో, విపరీతంగా మొరిగాకో, ఎండలో రొప్పాకో మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. మన ఎండాకాలంలో ఈ కుక్కలకు మధ్యాహ్నం నడక అసలు పనికిరాదు. లాబ్రడార్, పగ్, బీగిల్, బాసెంజీలలో పీకే అనే మరో ఎంజైమ్ లోపం ఉంది. దీనిలో చిన్న వయసు నుంచే రక్తహీనత ఉంటుంది. పిల్ల ఎప్పుడూ నీరసంగా, చిగుళ్లు పాలిపోయి ఉంటే దీన్ని కూడా మనసులో పెట్టుకోండి.

కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ పెంచేవాళ్లకు ఒక మాట. ఈ జాతిలో చాలా కుక్కలకు పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు తక్కువగా, పెద్ద సైజులో ఉంటాయి. మెషీన్ రిపోర్ట్‌లో కౌంట్ భయపెట్టేలా వస్తుంది కానీ కుక్కకు ఏ హానీ ఉండదు. స్లైడ్ మీద మైక్రోస్కోప్‌తో చూడమని అడగండి, టెన్షన్ పడి మందులు మొదలుపెట్టకండి.

ఇంట్లో గమనించాల్సినవి

పిల్లగా ఉన్నప్పుడే కొన్ని సూచనలు దొరుకుతాయి. బొడ్డుతాడు దగ్గర రక్తం ఎక్కువసేపు కారడం, తోక కత్తిరించినప్పుడు ఆగకపోవడం, నాలుగో నెల చుట్టుపక్కల పాలపళ్లు ఊడేటప్పుడు నీళ్ల గిన్నెలో మాటిమాటికీ ఎరుపు కనబడడం. గోరు కత్తిరిస్తుంటే పొరపాటున లోపలి మెత్తని భాగం తెగితే, ఎన్ని నిమిషాలకు ఆగిందో గడియారం చూసి రాసిపెట్టుకోండి. ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు రక్తం మరీ ఎక్కువగా, మరీ ఎక్కువ రోజులు పోతోందా అన్నదీ రాయండి.

ఎక్కడి నుంచి రక్తం వస్తోందన్నది డాక్టర్‌కి చాలా విషయం చెబుతుంది. ముక్కు, చిగుళ్లు, మూత్రం దారి నుంచి కారుతుంటే వాన్ విలీబ్రాండ్ జబ్బు మీద అనుమానం వస్తుంది. టీకా వేసిన చోట పెద్ద గడ్డలా ఉబ్బడం, కీళ్లు వాచి ఒకసారి ఒక కాలు, ఇంకోసారి ఇంకో కాలు కుంటడం హీమోఫిలియా లక్షణాలు. కుంటే పిల్లకు కాల్షియం తక్కువైందనుకొని సిరప్ పోస్తూ కూర్చునేవాళ్లు చాలామంది. మగ జర్మన్ షెపర్డ్ పిల్ల కాళ్లు మార్చి మార్చి కుంటుతుంటే మాత్రం రక్తపరీక్ష అడగండి.

పొట్ట చర్మం మీద, చిగుళ్ల మీద సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపిస్తే దారి వేరు. అది ప్లేట్‌లెట్లు తగ్గాయనడానికి గుర్తు.

ముందు మన దగ్గర మామూలుగా వచ్చే కారణాలను పక్కకు తీయండి

విదేశీ వెబ్‌సైట్లు చూసి "ముక్కులోంచి రక్తం, అంటే వంశపారంపర్య జబ్బే" అని తేల్చేసుకోకండి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా కుక్క ముక్కులోంచి రక్తం కారితే మొదట అనుమానించాల్సింది టిక్ ఫీవర్‌ని. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. అదే పిడుదులు తెచ్చే బబీషియా ఎర్రకణాలను పగలగొట్టి మూత్రాన్ని ముదురు రంగులోకి మారుస్తుంది. కాబట్టి కాకర్ మూత్రం నల్లబడిందంటే పీఎఫ్‌కే కన్నా ముందు బబీషియాకి పరీక్ష చేయించాలి.

ఇంట్లోనో పక్కింట్లోనో ఎలుకల మందు పెట్టారేమో అడగండి. గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందు తిన్న కుక్కకు లక్షణాలు వెంటనే రావు, కొన్ని రోజుల తర్వాత రక్తం కారడం మొదలవుతుంది. దీనికి విటమిన్ కే1 మందు ఉంది, సమయానికి ఇస్తే కుక్క బతుకుతుంది. పొలాల దగ్గర ఉండేవాళ్లు రక్తపింజర కాటును మర్చిపోకండి. దాని విషం కూడా రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. వాపు ఉండి, రక్తం ఆగకపోతే క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇవన్నీ కాదని తేలాక, లేదా చిన్నప్పటి నుంచీ పదేపదే ఇలాగే జరుగుతుంటే, అప్పుడు పుట్టుకతో వచ్చిన జబ్బు వైపు వెళ్లాలి.

పరీక్షలు ఏ వరుసలో చేయించాలి

అన్నిటికన్నా ముందు మామూలు సీబీసీ, అందులో ప్లేట్‌లెట్ కౌంట్. ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు. ప్లేట్‌లెట్లు బాగానే ఉంటే తర్వాతిది, డాక్టర్ దగ్గరే ఐదారు నిమిషాల్లో అయిపోయే పరీక్ష. పై పెదవిని పైకి మడిచి లోపలి వైపు చిన్న గాటు పెట్టి, రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూస్తారు. ఆరోగ్యమైన కుక్కకు దాదాపు 4 నిమిషాల లోపు ఆగిపోతుంది. అంతకన్నా బాగా ఎక్కువ పడితే, ప్లేట్‌లెట్ కౌంట్ సరిగ్గా ఉంటే, వాన్ విలీబ్రాండ్ జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ప్లేట్‌లెట్లు ముందే తక్కువున్న కుక్కకు ఈ పరీక్ష చేయకూడదు, చేసినా ఏమీ తేలదు.

తర్వాత పీటీ, ఏపీటీటీ. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో ల్యాబ్‌లో చూసే పరీక్షలు ఇవి. హీమోఫిలియాలో ఏపీటీటీ పెరుగుతుంది, పీటీ మామూలుగానే ఉంటుంది. ఫ్యాక్టర్ 7 లోపంలో దీనికి తిరగబడుతుంది. వాన్ విలీబ్రాండ్ జబ్బులో చాలాసార్లు రెండూ మామూలుగానే ఉంటాయి. అందుకే పీటీ, ఏపీటీటీ నార్మల్ అని వచ్చింది కదా, ఇక ఆపరేషన్ చేసేద్దాం అనుకోవడం డోబర్మన్ విషయంలో ప్రమాదం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు మీరే అడిగి చూసుకోవాలి. ఈ పరీక్షలకు నీలం మూత సిట్రేట్ ట్యూబు వాడతారు. అందులో తొమ్మిది వంతుల రక్తానికి, గడ్డకట్టకుండా ఆపే మందు ఒక వంతు ఉండాలి. గీత దాకా నింపకపోతే ఫలితం తప్పు వస్తుంది. ఇక రెండోది, చాలా ఊళ్లలో ఈ శాంపిల్ మనుషుల ల్యాబ్‌కే వెళ్తుంది. కుక్క రక్తం మామూలుగా మనిషి రక్తం కన్నా త్వరగా గడ్డకడుతుంది. మనుషుల నార్మల్ అంకెలతో పోలిస్తే తేడా దాగిపోవచ్చు. ఆరోగ్యమైన ఇంకో కుక్క శాంపిల్‌ని కూడా పక్కనే పెట్టి చేయమని అడగండి. మీ డాక్టర్‌కి ఈ మాట చెబితే ఆయనే ల్యాబ్‌తో మాట్లాడతారు.

వాన్ విలీబ్రాండ్ ఫ్యాక్టర్ ఎంత ఉందో కొలిచే పరీక్షకు కుక్కల కోసం ప్రత్యేకంగా తయారైన కిట్ కావాలి. సాధారణంగా 70 శాతం, ఆపైన ఉంటే మామూలు, 50 కన్నా తక్కువైతే లోపం, మధ్యలో వస్తే తేల్చలేనిదిగా తీసుకుంటారు. కడుపుతో ఉన్నప్పుడు, ఎదలో ఉన్నప్పుడు, బాగా కంగారుపడ్డప్పుడు ఈ అంకె మారుతుంది. అలాంటి రోజుల్లో శాంపిల్ ఇవ్వకండి.

డీఎన్‌ఏ పరీక్షకు ఈ బెడద లేదు. బుగ్గ లోపల స్వాబ్‌తో రుద్ది పంపితే చాలు, ఏ వయసులోనైనా చేయొచ్చు. పాలు తాగే పిల్ల అయితే తల్లి దగ్గర నుంచి కాసేపు వేరుచేసి, నోరు శుభ్రంగా ఉన్నప్పుడు తీయండి. లేకపోతే తల్లి కణాలు కలిసిపోతాయి. ఫలితం మూడు రకాలుగా వస్తుంది: క్లియర్ (దోషం లేదు), క్యారియర్ (దోషమున్న జీన్ ఒకటి మోస్తోంది), అఫెక్టెడ్ (జబ్బు ఉంది). అయితే డీఎన్‌ఏ పరీక్ష మీ జాతిలో తెలిసిన దోషాన్నే వెతుకుతుంది. డోబర్మన్ వాన్ విలీబ్రాండ్ జబ్బుకి అది బాగా పనికొస్తుంది. హీమోఫిలియా మాత్రం ఒక్కో వంశంలో ఒక్కో దోషం వల్ల రావచ్చు కాబట్టి అక్కడ ఫ్యాక్టర్ 8 ఎంత ఉందో కొలవడమే నమ్మదగ్గ దారి.

జబ్బు ఉందని తేలితే ఆపరేషన్ ఎలా

ఆపరేషన్ మానుకోవాల్సిన పనిలేదు, ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. మొదటి రకం వాన్ విలీబ్రాండ్ జబ్బు ఉన్న కుక్కకు ఆపరేషన్‌కి దాదాపు అరగంట ముందు డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తారు. అది ఒంట్లో నిలవున్న ఫ్యాక్టర్‌ని రక్తంలోకి వదిలేలా చేస్తుంది. దాని పని కొన్ని గంటలే. ఫ్యాక్టర్ అసలే లేని మూడో రకంలో ఇది పనిచేయదు. డోసు డాక్టర్ లెక్కగట్టాల్సిందే.

అసలు భరోసా రక్తంలోనే ఉంది. ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా (రక్తం నుంచి వేరుచేసి గడ్డకట్టించి నిలవచేసిన ద్రవభాగం), క్రయోప్రెసిపిటేట్ (ఆ ప్లాస్మా నుంచి తీసిన, ఫ్యాక్టర్లు చిక్కగా ఉండే భాగం) దొరికే చోట అవి మేలు. మన దగ్గర చాలా చోట్ల చేతికందేది దాత కుక్క నుంచి అప్పుడే తీసిన రక్తం. చెన్నైలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీలో కుక్కల బ్లడ్ బ్యాంక్ ఉంది. హైదరాబాద్‌లో ఉంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో, రాయలసీమలో ఉంటే తిరుపతి వెటర్నరీ కాలేజీలో ముందే కనుక్కోండి. దాత కుక్క పెద్దదై ఉండాలి, 25 కిలోల పైన బరువు, టీకాలన్నీ పడి, టిక్ ఫీవర్ పరీక్షలో క్లియర్ అయి ఉండాలి. మొదటిసారి రక్తం ఎక్కించడం చాలావరకు ఇబ్బంది లేకుండా జరుగుతుంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఎక్కించి ఉంటే మాత్రం క్రాస్‌మ్యాచ్ (రెండు కుక్కల రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేయకుండా ఎక్కించనివ్వకండి.

ఆపరేషన్ ఉదయం పూట పెట్టించుకోండి. పగలంతా డాక్టర్ కళ్లముందు ఉంటుంది. ఆ రాత్రికి ఇంటికి తెచ్చేయాలని తొందరపడకండి.

రోజువారీ జాగ్రత్తలు, దెబ్బ తగిలినప్పుడు చేయాల్సినవి

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు ఏ కుక్కకైనా విషం లాంటివే, రక్తస్రావ జబ్బు ఉన్న కుక్కకు మరీనూ. హీమోఫిలియా కుక్కకు కండలో ఇంజెక్షన్ వద్దని ప్రతి డాక్టర్‌కీ ముందే చెప్పండి. టీకా చర్మం కింద సన్నని సూదితో వేయించి, ఆ చోట కొన్ని నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి. రక్తం తీయాలంటే మెడ దగ్గరి పెద్ద సిర నుంచి కాకుండా కాలి సిర నుంచి తీయమనండి. ఎముకలు, గట్టి బొమ్మలు నమలనివ్వకండి. జబ్బు పేరు రాసిన చిన్న బిళ్ల మెడపట్టీకి కట్టండి. మీరు ఊళ్లో లేనప్పుడు కుక్కను చూసుకునేవాళ్లకు అదే ఆధారం.

గాయమైతే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కండి. పది నిమిషాల దాకా ఆగిందా లేదా అని తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. పసుపో కాఫీపొడో వేసి వదిలేస్తే సరిపోదు, పనిచేసేది ఒత్తిడి. గోరు తెగితే మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టుకోవచ్చు. ముక్కులోంచి కారితే కుక్కను ఏసీ గదిలోనో చల్లటి మూలనో పడుకోబెట్టి, మొరగకుండా, తిరగకుండా చూసి, ముక్కు పైభాగాన గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. తల వెనక్కి వంచకండి.

చిగుళ్లు తెల్లబడితే, ఊపిరి వేగంగా ఆడితే, పొట్ట ఉబ్బితే, లేచి నిలబడలేకపోతే ఇంటి వైద్యం ఆపేసి బయలుదేరండి. దారిలోనే ఫోన్ చేసి జబ్బు పేరు, కుక్క బరువు చెప్పండి. వాళ్లు దాతను పిలవడానికి ఆ కొద్ది నిమిషాలే ఉపయోగపడతాయి.

పిల్లను కొనేటప్పుడు, క్రాసింగ్ చేయించేటప్పుడు

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్స్, మైక్రోచిప్ ఉంటే పిల్ల ఏ వంశానిదో తెలుస్తుంది. ఆ వంశం రక్తం ఎలాంటిదో వాటిలో ఉండదు. తల్లిదండ్రుల రక్తపరీక్షలు చూపించమని అడగండి. "మా లైన్‌లో అలాంటివేం లేవండీ" అనే మాట రిపోర్ట్ కాదు. కుక్కల అమ్మకంపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రిజిస్టర్ అయి ఉండాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ రెండూ పాటించని మనిషి జీన్ టెస్ట్ చేయించి ఉంటాడని నేను నమ్మను.

ఛాంపియన్ మగకుక్క అని ఎగబడడం వల్ల ఏం జరుగుతుందో జర్మన్ షెపర్డ్‌ల చరిత్ర చెబుతుంది. 1970ల తొలినాళ్లలో జర్మనీలో కాంటో ఫాన్ డెర్ వీనరావ్ అనే మగకుక్కకు గొప్ప పేరుండేది. దాన్ని క్రాసింగ్‌కి విరివిగా వాడారు. దానికి హీమోఫిలియా ఏ ఉందన్న సంగతి తర్వాత తెలిసింది. ఈ జబ్బు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. జబ్బున్న మగకుక్క కొడుకులకు అది రాదు, కూతుళ్లన్నీ క్యారియర్లవుతాయి. ఆ కూతుళ్లకు పుట్టే మగపిల్లల్లో ప్రతి ఒక్కదానికీ సగానికి సగం జబ్బు వచ్చే అవకాశం. ఒక్క కుక్క నుంచి ఈ జబ్బు ఎన్నో దేశాల షెపర్డ్‌లలోకి పాకింది. కాబట్టి హీమోఫిలియా ఉన్న మగకుక్కను, అది ఎంత తేలికపాటిదైనా, క్రాసింగ్‌కి వాడకూడదు. జబ్బు పిల్లను కన్న తల్లిని మళ్లీ కట్టించకూడదు.

వాన్ విలీబ్రాండ్ జబ్బు లెక్క వేరు. అక్కడ క్యారియర్‌ని క్లియర్ కుక్కతో కట్టిస్తే పుట్టే ఏ పిల్లకూ రెండు దోషపు జీన్లు రావు, ప్రతి పిల్లా క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. రెండు క్యారియర్లను కలిపితే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు జబ్బు అవకాశం. డోబర్మన్‌లలో క్యారియర్లన్నిటినీ ఒక్కసారిగా పక్కనపెడితే ఇప్పటికే ఇరుకైన వంశం ఇంకా ఇరుకై, వేరే జబ్బులు తలెత్తుతాయి. మంచి ఆరోగ్యం, మంచి స్వభావం ఉన్న క్యారియర్‌ని క్లియర్ కుక్కతోనే కలపండి. పిల్లలన్నిటికీ పరీక్ష చేయించి, తర్వాతి తరానికి క్లియర్ పిల్లను ఉంచుకోండి.

మీ కుక్కకు జబ్బు ఉందని తేలిన రోజే ఇంకో పని చేయండి. బ్రీడర్‌కి ఫోన్ చేసి రిపోర్ట్ పంపండి. అదే కాన్పులో పుట్టిన మిగతా పిల్లలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో కనుక్కొని వాళ్లకూ పంపండి. బ్రీడర్ మొహమాటపడినా, కోప్పడినా ఆగకండి. ఆ పిల్లల్లో ఏదో ఒకదానికి వచ్చే వారమే ఆపరేషన్ డేట్ ఉండొచ్చు.